మూయని పేజీ

ఇంట్లో బియ్యం లేనప్పుడు "నిండుకున్నాయి" అంటే ఆ మాట దేవుడు నమ్ముతాడా అన్న సందేహం కోటిలింగానికి చిన్నప్పటి నుంచీ ఉంది.

వాళ్లమ్మ ఆ ఇంట్లో ఏదీ అయిపోయిందని అననిచ్చేది కాదు. దీపం ఆరిందనకూడదు, కొండెక్కిందనాలి. మంగళసూత్రం తెగిందనకూడదు, పెరిగిందనాలి. గడప దాటేవాళ్లు వెళ్తాననకూడదు, వెళ్లొస్తాననాలి. ఒకసారి పిల్లవాడు బియ్యం డబ్బా మూత తీసి చూసి, "అడుగు కనబడతా ఉంటే నిండుకున్నాయంటావేంటమ్మా? దేవుడికి మాత్రం కనబడదా?" అని అడిగాడు.

"ఆయనకి కనబడుద్దిరా. మన నోటితో మనం అనకూడదు, అంతే" అందావిడ.

ఆ జవాబు అప్పటికి సరిపోయింది. పెళ్లయి, పిల్ల పుట్టి, తల నెరిసినా కోటిలింగం నోట "అయిపోయింది" అన్న మాట రాదు. కానీ సందేహమూ పోలేదు. పొద్దున్నే దీపం పెట్టి స్వామి పాదాల దగ్గర తులసి ఉంచి కళ్లు మూసుకుంటే, అది కూడా వచ్చి ఆయన పక్కనే మఠం వేసుకుని కూర్చునేది.

మొన్న వేసవిలో, దాళ్వా కోతల్లో ఆయన కూతురు హైమ గడప దగ్గర చెప్పులేసుకుంటూ, "వెళ్లొస్తా నాన్నా" అని వరి పరిశోధన కేంద్రం పొలానికి వెళ్లింది. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. తను తీసిన కొత్త వంగడం పనలు తడిసిపోతాయని పరదా కప్పడానికి పరిగెత్తింది. ఆ మడిలోనే పిడుగు పడింది. పనలకు ఏమీ కాలేదు.

"సరైన మాటే అని వెళ్లింది కదా స్వామీ. మరి?" అని కోటిలింగం దేవుడి గదిలో అడిగేవాడు. కోపంతో కాదు. తెలుసుకుందామని.

*

కోటిలింగం ఒకప్పుడు శుభలేఖల షాపు నడిపాడు. పెళ్లి పిలుపులు ఫోన్లలోకి మారిపోయాక షాపులో ఈగలు తోలుకునే రోజులొచ్చాయి. హైమ అప్పుడు వ్యవసాయ విద్యలో పై చదువు చదువుతోంది. సెలవులకు వచ్చి తండ్రిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది.

"మన షాపుకి వెబ్‌సైట్ కడదాం నాన్నా. పెద్దదేం వద్దు. ఒక్క పేజీ."

"మనకెందుకే అయ్యన్నీ? అదేదో ఇంజనీర్లు చేసే పని."

"ఇంజనీర్లు చేసేది మేడ. మనం కట్టేది పాక. నీకు శుభలేఖ కట్టడం వచ్చుగా? పైన శ్రీరస్తు, మధ్యలో పేర్లు, కింద బంధుమిత్రుల అభినందనలు. ఏది పెద్దక్షరాలో, ఏది చిన్నక్షరాలో నువ్వు అచ్చుకి చెప్తావు. ఇక్కడ బ్రౌజరుకి చెప్పాలి. తేడా ఏం లేదు."

నోట్‌ప్యాడ్ తెరిచి చూపించింది. కోణాల బ్రాకెట్లలో చిన్న గుర్తు పెడితే శీర్షిక మొదలవుతుంది. మాట రాశాక అదే గుర్తుకు ముందు ఏటవాలు గీత పెడితే శీర్షిక ముగుస్తుంది. పేరాకు ఒక గుర్తు, బొమ్మకు ఒక గుర్తు, వేరే పేజీకి దారి చూపే లింకుకు ఒక గుర్తు. అన్నిటినీ కలిపి కప్పే పెద్ద గుర్తు పైన ఒకటి తెరుచుకుంటుంది, అట్టడుగున మూసుకుంటుంది.

"తలుపు తీసినవాడే వెయ్యాలి నాన్నా. గుర్తుపెట్టుకో."

"వెయ్యకపోతే?"

"బ్రౌజరు ఏమీ అనదులే. పాపం మర్యాదస్తురాలు. ముసలాయన మర్చిపోయాడని తనే వేసుకుంటుంది."

"ఎవరే ముసలాయన?"

వంటింట్లోంచి భార్య మాలక్ష్మి నవ్వింది. "బ్రౌజరుకి కూడా తెలిసిపోయిందన్నమాట మీ వయసు."

రెండు పూటలు కుస్తీ పట్టి కోటిలింగం పేజీ కట్టాడు. పైన వినాయకుడి బొమ్మ, కింద షాపు పేరు, నాలుగు ముక్కలు, ఫోను నంబరు. నెట్‌లో కొంచెం చోటు అద్దెకు తీసుకుని, ఫైలు అక్కడికి పంపే మీట తండ్రి చేతే నొక్కించింది హైమ. మాలక్ష్మి వంటింట్లో నిలబడి తన ఫోనులో ఆ చిరునామా కొట్టింది. కాసేపు తెల్లగా ఉండి, వినాయకుడు వచ్చాడు.

"అయ్యో, మన షాపు నా చేతిలోకి వచ్చేసిందండీ!" అని ఆవిడ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

ఆ పేజీ షాపును నిలబెట్టలేదు. కోటిలింగానికి మాత్రం ఒక పని నేర్పింది. ఆ పని వల్లనే కొన్నేళ్లకు, హైమ ఉద్యోగం చేస్తున్న పరిశోధన కేంద్రంలోనే ఆయనకూ ఒక కుర్చీ దొరికింది.

*

ఆ కేంద్రం వాళ్లు కనిపెట్టింది గింజలో పేజీ పెట్టడం.

దొంగ విత్తనాల దెబ్బకు ఆ జిల్లాలో కుదేలు కాని ఇల్లు లేదు. సంచీ మీద ఒక పేరు, లోపల ఇంకో గింజ. సంచీని మార్చవచ్చు, చీటీని మార్చవచ్చు. గింజలోనే రాసేస్తే ఎవడు మారుస్తాడు? డాక్టర్ షహీనా అనే ఆవిడ ఏళ్ల తరబడి దాని మీదే పనిచేసింది. హైమకు ఆవిడ పై అధికారి, అక్క లాంటిది కూడా. రాయవలసిన పేజీని జీవకణాలకు తెలిసే లిపిలోకి మార్చి ఒక ద్రవంలో కలుపుతారు. దాన్ని రాత తొట్టి అంటారు. గింజలను అందులో నానబెడితే పేజీ ప్రతి గింజలోకీ ఎక్కుతుంది. మళ్లీ ఆరబెట్టి రైతుకు ఇస్తారు. అగ్గిపెట్టెంత యంత్రంలో ఒక గింజ పడేస్తే ఫోను మీద పేజీ తెరుచుకుంటుంది. ఇది ఫలానా వంగడం, ఇన్నాళ్లకు కోతకొస్తుంది, ఫలానా తెగులుకు తట్టుకుంటుంది. తల్లి వంగడం పేజీకి లింకు కూడా ఉంటుంది.

గింజలో చోటు బహు తక్కువ. హంగులకు తావు లేదు. అందుకే వాళ్లకు పాక కట్టేవాడు కావలసి వచ్చాడు.

కోటిలింగం నోట్‌ప్యాడ్‌లో పేజీ కడతాడు. బ్రౌజరులో తెరిచి షహీనాకు చూపిస్తాడు. ఆవిడ తల ఊపితే తొట్టి గదికి పంపుతాడు. ఊడ్పులు పూర్తయ్యాక పొలాల పక్కన వెళ్తూ, "చూడవే, మీ నాన్న పేజీలు ఎకరాలకెకరాలు పబ్లిష్ అయ్యాయి" అని కూతురితో అనేవాడు. ఏ సర్వరు ఆగినా, ఏ గాలివానకు టవరు కూలినా, చేను పండినంత కాలం ఆ పేజీ ఉంటుంది. ఈ ఏటి గింజ వచ్చే ఏటి గింజకు దాన్ని అప్పజెప్పుతుంది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆయనకు గుళ్లో గంట విన్నట్టు ఉండేది.

కేంద్రంలో ఒక నియమం గట్టిగా ఉండేది. రాయని గింజ ఒక్కటి కూడా మిగలకూడదు. మిగిలితే దొంగ విత్తనాల వాళ్ల చేతికి చిక్కుతుందని భయం. వంగడం విడుదలయ్యే రోజు ఉన్న గింజలన్నీ తొట్టిలోకి వెళ్లాల్సిందే.

*

హైమ పోయిన నెలకు డైరెక్టరు గారు కోటిలింగాన్ని పిలిచారు. ఆమె తీసిన వంగడం అన్ని పరీక్షలూ గట్టెక్కింది. వారం పాటు నీట మునిగినా కుళ్లకుండా లేచి నిలబడే వరి. వానాకాలం సార్వాకి పల్లపుపాలెం రైతులకు ఇస్తారట.

"పేరు హైమ అనే పెడుతున్నాం. పేజీ మీరే రాయండి కోటిలింగం గారూ. రాయలేనంటే వేరేవాళ్ల చేత రాయిస్తాం."

"నేనే రాస్తానండి" అన్నాడాయన.

పొద్దున కూర్చున్నాడు. శీర్షిక గుర్తు తెరిచి హైమ అని రాశాడు. మూశాడు. పేరా తెరిచి, కోతకొచ్చే కాలం, నీటికి తట్టుకునే గుణం రాశాడు. మూశాడు. లింకు పెట్టాడు. ఆఖరి పేరా తెరిచాడు. ఏం రాయాలో తోచక ఇంటికి ఫోను చేశాడు.

"ఏం రాయమంటావే?"

అవతల మాలక్ష్మి పొయ్యి కట్టేసిన చప్పుడయింది. తర్వాత, "మా అమ్మాయి తీసిందని రాయండి. అది చాలు" అంది.

'ఈ వంగడాన్ని మా అమ్మాయి తీసింది.' అక్కడ వేళ్లు ఆగాయి.

ఇక మిగిలినవి మూసే గుర్తులే. ఆ పేరాను మూయాలి, పేజీని మూయాలి. ఇంతకు ముందు ఎన్నో వంగడాల పేజీల చివర ఆ గుర్తులను చూడకుండానే కొట్టిన చెయ్యి అది. ఈ మాట తర్వాత ఏటవాలు గీత పెట్టడమంటే ఆయనకు నోరారా "అయిపోయింది" అన్నట్టు తోచింది. ఆ ఇంట ఎవరినీ అననివ్వని మాట. బ్రౌజరులో తెరిచి చూశాడు. పేజీ చక్కగా వచ్చింది. పైన హైమ, కింద మా అమ్మాయి తీసింది. ఏ లోటూ లేదు. మర్యాదస్తురాలు, తనే వేసుకుంది.

షహీనా తన ఫోనులో చూసి ఏడ్చింది. పేజీ వెనక రాత విప్పి చూడలేదు. కోటిలింగం కట్టిన పేజీని విప్పి చూడాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. తల ఊపింది.

హైమ కప్పబోయిన పనల గింజలన్నీ, దాచిన మూల విత్తనంతో సహా, ఆ మధ్యాహ్నం తొట్టిలో నానాయి. ఆరబెట్టిన తర్వాత గుప్పెడు గింజలు కోటిలింగానికి ఇచ్చారు. మాలక్ష్మి వాటిని కుంకుమ భరిణలో పోసి దేవుడి గదిలో పెట్టుకుంది. రోజూ పూజయ్యాక ఒక గింజ తీసి యంత్రంలో వేసి, పేజీ చదువుకుని, మళ్లీ భరిణలో వేసేది.

*

ఆ సార్వాకు పల్లపుపాలెం చేలు చూడ్డానికి పక్కూళ్ల వాళ్లు వచ్చారు. వరద వచ్చి నాలుగు రోజులు నీళ్లు నిలిచినా హైమ చేలు తలలెత్తుకుని లేచాయి. పక్క మళ్లలో వేరే వరి కుళ్లి వాసన కొట్టింది. అబ్బులు అనే రైతు కోటిలింగానికి పాత స్నేహితుడు, వరసకు బావ అవుతాడు. ఉన్నదంతా హైమే వేశాడు. దారిలో కనబడినప్పుడల్లా మీసం దువ్వేవాడు.

"మా కోడలు పిల్ల తీసిన వరి బావా. నీళ్లలో ముంచినా ఈత కొడతంది."

కార్తీకం వచ్చింది. అన్ని చేలూ ఈనాయి, పాలు పోసుకున్నాయి, వెన్నులు వంగాయి. హైమ చేలు నిటారుగా, నల్లటి పచ్చదనంతో అలాగే నిలబడ్డాయి. పొట్ట కట్టలేదు. ఇంకో వారం చూద్దామన్నారు. వారం గడిచింది. ఇంకా దుబ్బు చేశాయి, ఇంకా ఎత్తు పెరిగాయి. కాడ చీల్చి చూస్తే లోపల ఆకే ఉంది.

అబ్బులు కేంద్రానికి ఒక దుబ్బు పీక్కుని వచ్చాడు. దాన్ని కోటిలింగం బల్ల మీద పెట్టాడు. మీసం ఊసెత్తలేదు.

"ఇదేంటి బావా ఇది? గడ్డి వేసినట్టుంది. నేను పశువుల్ని మేపుకోడానికి వేశానా?"

"కనుక్కుంటాం అబ్బులూ. షహీనా గారు చూస్తున్నారు."

"ఊళ్లో ఏవంటన్నారో తెలుసా? నేనంటే అనుకోవద్దు. పోయిన పిల్ల పేరెట్టారు, అందుకే చేను గొడ్డుపోయిందంటన్నారు."

ఆ సాయంత్రం రేషన్ షాపు నుంచి మాలక్ష్మి సంచీ ఖాళీగానే పట్టుకుని వచ్చింది. వరసలో నిలబడిన ఇద్దరు ఆడవాళ్లు అదే మాట అనుకోవడం విందట. వచ్చి, అరుగు మీద కూర్చుని, "మన పిల్లని గొడ్డుదంటన్నారండీ" అంది. దీపం పెట్టే వేళ దాటినా లేవలేదు. ఆ రోజు దీపం కోటిలింగమే పెట్టాడు.

*

షహీనా పిలిచినప్పుడు ఆవిడ గదిలో ఇంకెవరూ లేరు. గాజు పలక మీద హైమ ఆకు ముక్క ఉంది. తెర మీద కోటిలింగం కట్టిన పేజీ, వెనక రాత విప్పి ఉంది.

"అంకుల్, మొక్క తన పుస్తకం తనే చదువుకుంటూ పెరుగుతుంది. ఎప్పుడు మొలవాలి, ఎప్పుడు దుబ్బు చెయ్యాలి, ఎప్పుడు ఈనాలి, అంతా వరసగా రాసి ఉంటుంది. మనం ఆ పుస్తకం మధ్యలో మన పేజీ పెట్టాం. పేజీ మొదలైన గుర్తు చూడగానే, ఇది నాకు కాదు, మనుషులకి, అని మొక్క చదవడం ఆపుతుంది. మూసే గుర్తు రాగానే మళ్లీ మొదలెడుతుంది. ఆ తర్వాత ఉన్నదే ఈనే సంగతి."

కోటిలింగం తెర కింది భాగం చూశాడు. 'మా అమ్మాయి తీసింది' తర్వాత తెల్లగా ఉంది.

"ఇక్కడ గుర్తులు లేవు" అంది ఆవిడ. "అందుకని ఇంకా పేజీ నడుస్తోందనే అనుకుంటోంది. మూస్తారని ఆగి ఉంది. అందాకా వచ్చిన పచ్చదనంతోనే పెరుగుతోంది." గొంతు తగ్గించింది. "మర్చిపోయారా అంకుల్?"

ఔననడం తేలిక. ఆవిడ అలా అనే దారి తీసి ఉంచింది కూడా.

"మర్చిపోలేదమ్మా. చెయ్యి రాలేదు."

షహీనా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "నేను విప్పి చూడాలి. నా పని అది. నేను చూడలేదు."

"బ్రౌజరులో బాగానే వచ్చిందమ్మా" అన్నాడు కోటిలింగం. అంటుండగానే ఆ మాట ఎంత దిక్కుమాలినదో ఆయనకే తెలిసింది. "మొక్కకి కూడా ఆ గుర్తు కావాలని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు మూస్తే?"

"రాత మొక్క మీద పడదు. గింజ మీదే పడుతుంది. రాయని గింజ మన దగ్గర ఒక్కటి కూడా లేదు."

"రాసిన గింజలు?"

"పరీక్షకని ఉంచినవి రెండు పొట్లాలు ఉన్నాయి. ఒకసారి రాసిన చోట మళ్లీ రాయాలని ఇంతకు ముందు ప్రయత్నించాం, కుదరలేదు. కానీ అప్పుడు పేజీ మొత్తం మార్చబోయాం. ఇప్పుడు చివర రెండు గుర్తులు చేరిస్తే చాలు. గింజ తట్టుకుంటుందేమో." ఆవిడ ఆయన వైపు చూడకుండా అంది. "ఎన్ని గింజలుంటే అంత మంచిది. మీ ఇంట్లో ఉన్నవి కూడా కావాలి అంకుల్."

*

మాలక్ష్మి అంతా విన్నది. ఎక్కడా అడ్డు రాలేదు. వినడం పూర్తయ్యాక దేవుడి గదిలోకి వెళ్లి భరిణ తెచ్చింది. తెచ్చింది గానీ ఇవ్వలేదు.

"ఇవి కూడానా?"

"ఇవి కూడానే."

"ఇవి వేస్తే మళ్లీ మొలుస్తాయా?"

"చెప్పలేం అంటన్నారు."

"మీరు ముందే మూసి ఉంటే?"

కోటిలింగం నేల చూపులు చూశాడు. "ఈపాటికి కోతలు."

ఆవిడ భరిణను రెండు చేతుల మధ్యా పట్టుకుని కాసేపు కూర్చుంది. భర్తను తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకనిపించింది.

"మీ అమ్మగారు నన్ను కూడా అననిచ్చేవారు కాదు" అంది చివరికి. "కాపరానికి వచ్చిన కొత్తలో, కూర అయిపోయిందన్నానని మూడు రోజులు మాట్లాడలేదు నాతో. నేనైనా ఆ గుర్తు పెట్టలేకపోదునులెండి." గింజలన్నీ ఆయన రుమాలులో పోసి, భరిణ అడుగున అంటుకున్న ఒకటి కూడా వేలితో తీసి వేసింది. "మీరే రాయండి ఈసారి. నా మాట అలాగే ఉంచండి."

మర్నాడు కోటిలింగం అదే కుర్చీలో కూర్చున్నాడు. తొట్టి గదిలో ద్రవం సిద్ధంగా ఉంది. తెర మీద పేజీ ఎక్కడ ఆగిందో అక్కడే కర్సరు కొట్టుకుంటోంది. ఆయన మనసులో స్వామిని తలుచుకుని, కోణం తెరిచాడు, ఏటవాలు గీత గీశాడు, అక్షరం కొట్టాడు, కోణం మూశాడు. ఆఖరి పేరా మూసుకుంది. తర్వాత పేజీ మూశాడు. బ్రౌజరులో తెరిచి చూస్తే ఏ మార్పూ లేదు. పేజీ ఇంతకు ముందు ఎలా ఉందో అలాగే ఉంది.

గింజలు తొట్టిలో నానాయి. తడిగుడ్డలో కట్టి వెచ్చని గదిలో పెట్టారు. మొలక కట్టే రోజు మాలక్ష్మి కూడా వచ్చింది. కేంద్రంలోకి ఆవిడ రావడం అదే మొదలు. హైమ కూర్చునే కుర్చీ ఏదో షహీనా చూపించబోతే, వద్దమ్మా అని చెయ్యి ఊపి, మూట దగ్గరే నిలబడింది.

మూట విప్పకముందే వాసన తెలిసింది. గింజలు మెత్తబడి, నొక్కితే తెల్లటి నీరు కారాయి. షహీనా ఒక్కొక్క గింజనూ చీల్చి కాంతి కింద చూసింది. ఆఖరి గింజ దాకా చూసింది. ఎవరూ ఆవిడను ఆపలేదు. మాలక్ష్మి తన కొంగు చివరతో బల్ల మీద కారిన నీటిని తుడిచింది.

"ఇంటికి పదండి" అంది భర్తతో.

*

పచ్చి మీదే కోసి తగలబెట్టాలని ఆదేశం వచ్చింది. పేజీ రాసిన పైరు దారి తప్పితే పొలంలో ఉంచకూడదన్నది చట్టం. యంత్రాలు దిగితే పక్క చేల పంట తొక్కేస్తాయని, చేత్తోనే కొయ్యాలన్నారు. నష్టానికి కేంద్రం కొంత ఇస్తుందట. కొంతే.

కోత రోజు పొద్దున పల్లపుపాలెం రైతులు చెరువు గట్టు పక్క అరుగుల మీద చేరారు. డైరెక్టరు గారు ఏదో చెప్పారు. సాంకేతిక కారణం అన్నారు, విచారణ అన్నారు. ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. అబ్బులు లేచి, "ఒక్క ముక్కలో చెప్పండి సార్. ఆ పిల్ల చేసిన విత్తనంలో తప్పుందా, లేదా?" అని అడిగాడు.

డైరెక్టరు గారు కాగితాలు సర్దుకుంటుండగా వెనకనుంచి కోటిలింగం లేచాడు.

"విత్తనంలో తప్పు లేదు. నీళ్లలో మునిగి లేచింది, మీరే చూశారు. గింజలో రాత రాస్తాం కదా, ఆ రాత చివర మూసే గుర్తు పెట్టలేదు. అది మూయకపోతే పైరు ఈనదట. రాసింది నేను."

ఒక ముసలాయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. గుంపు వెనక ఒకావిడ, "ఎందుకు పెట్టలేదయ్యా?" అంది. అరవలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"నా బిడ్డ పేరమ్మా అది" అన్నాడు కోటిలింగం. "దాని తర్వాత మూయలేకపోయాను."

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే కొడవళ్లు తీసుకుని చేలల్లోకి దిగారు. అబ్బులు మాత్రం ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కొడతాడనే అనుకున్నాడు కోటిలింగం. కొడితే పడదామనే నిలబడ్డాడు.

"నువ్వు నాకో కోత బాకీ. గుర్తుందా?" అన్నాడు అబ్బులు.

కోటిలింగానికి వెంటనే అందలేదు. ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆయనకు అప్పట్లో చిన్న మడి ఉండేది. ఇద్దరికీ బదులు కోత వాడుక. ఒకరి చేను ఒకరు కోసిపెట్టుకోవడం. ఒక కోతల రోజున మాలక్ష్మికి నొప్పులొచ్చాయి. కోటిలింగం ఆసుపత్రికి పరిగెత్తితే, ఆ మడి అబ్బులు ఒక్కడే కోసి పెట్టాడు. మర్నాడు అబ్బులు చేను కొయ్యడానికి కోటిలింగం వెళ్లాలి. పుట్టిన పిల్లను ఎత్తుకుని ఆసుపత్రిలోనే ఉండిపోయాడు. ఆ తర్వాత మడి అమ్మేసి షాపు పెట్టాడు. కూలీ ఇస్తానంటే అబ్బులు పుచ్చుకోలేదు. బదులు కోతకు కోతే బదులన్నాడు.

"హైమ పుట్టిన రోజు" అన్నాడు కోటిలింగం.

"ఆఁ. ఇన్నేళ్లూ నవ్వుకోడానికి అడిగేవాణ్ణి. ఇయ్యాల నిజంగా అడుగుతున్నా. నా ఒక్కడి చేతుల్తో ఇది కొయ్యలేను బావా. గింజ లేని చేను. దాన్ని చూస్తే చెయ్యి లేవట్లేదు." అబ్బులు మొహం పక్కకి తిప్పుకుని ఒక కొడవలి చేతికిచ్చాడు.

ఇద్దరూ చేలోకి దిగారు. పైరు కోటిలింగం భుజాల దాకా ఉంది. దుబ్బు పట్టుకుంటే బరువుగా, చల్లగా, నిండా నీటితో ఉంది. పండిన చేను కోస్తే గలగలమంటుంది. ఇది ఏ చప్పుడూ చెయ్యలేదు. వంగి కోస్తుంటే ఆకు అంచులు ఆయన మోచేతుల మీద గీరాయి. మధ్యాహ్నానికి నడుము పట్టేసింది. అరిచేతుల్లో పొక్కులు చితికాయి. అబ్బులు పక్క వరసలో ముందుకెళ్లిపోయి వెనక్కి చూసి, "శుభలేఖలు కత్తిరిస్తున్నావా ఏంటి బావా, అంత పొందిగ్గా?" అన్నాడు. అలవాటు కొద్దీ అన్నాడు గానీ ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

మాలక్ష్మి కుండతో మజ్జిగ తెచ్చి గట్టు మీద కూర్చుంది. ఊళ్లో ఆడవాళ్లు కొందరు వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారు. కోసిన పనలు కళ్లంలో కుప్పవుతుంటే చూస్తూ ఉన్నారు.

పొద్దు వాలేసరికి మడిలో ఒక మూల నాలుగు దుబ్బులు మిగిలాయి. అబ్బులు ఆగి, తను పక్కకు తప్పుకున్నాడు. కోటిలింగం వాటిని ఒక్కొక్కటే పట్టుకుని కోశాడు. ఆఖరి దుబ్బు కోసి దాన్ని తీసుకెళ్లి కుప్ప మీద పెట్టాడు. పచ్చి పైరు తొందరగా అంటుకోదు. కిరసనాయిలు పోసి ఎవరో నిప్పు పెట్టారు. ముందు పొగ వచ్చింది, చాలాసేపు పొగే వచ్చింది.

అబ్బులు కాలవ గట్టున కాళ్లు కడుక్కుని వచ్చాడు.

"సరిపోయింది బావా. ఇంక నువ్వు నాకు బాకీ లేవు."

కోటిలింగం కొడవలికి అంటిన పచ్చటి పసరు పంచె చెంగుతో తుడిచాడు. పిడి అబ్బులు వైపు తిప్పి ఇచ్చాడు.